పాత ఎస్.యు.వి. – ఏ సంవత్సరపు బండి క్షేమకరము?

నెల్లూరు జిల్లా పడమటి భాగమున, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో ఊళ్లు దూరదూరముగా నుండును. కొండాపురము వంటి చోటినుండి పెద్ద ఆసుపత్రికైనను, కళాశాలకైనను, పెండ్లి బట్టలకైనను కావలికో నెల్లూరుకో పోక తప్పదు. ఇంటిల్లిపాది ఒక్కసారి ఎక్కుటకు వీలైనది, గతుకుల దారిని, వాగు దాటు చప్టాను లెక్కచేయనిది అగుటచే, ఎస్.యు.వి. అని అందరును పిలుచు ఎత్తయిన బండిపై ఈ ప్రాంతములందు మక్కువ ఎక్కువ. క్రొత్తది కొనుటకు స్తోమతు చాలనివారు నెల్లూరులోనో, చెన్నైలోనో, బెంగుళూరులోనో పాతబండిని వెదకుదురు.

అప్పుడు మొదట వచ్చు ప్రశ్న ఒక్కటే: ఏ సంవత్సరపు బండి మంచిది? బేరగాడు ఒక మాట చెప్పును, మెకానిక్కు ఇంకొక మాట చెప్పును. “ఆ సంవత్సరపు బండికి కంప్లయింట్లు ఎక్కువ”, “ఆ మోడలును కంపెనీవారే వెనక్కు పిలిచినారు, దాని జోలికి పోవద్దు”, “ఈ మోడలుకు ఇంతవరకు ఒక్క రీకాలు కూడ లేదు, కళ్లు మూసుకొని కొనవచ్చును” – ఇవి తరచుగా వినవచ్చు మాటలు. వీనిలో కొంత నిజమును, కొంత పొరపాటును కలసియున్నవి. బండిలో కూర్చుండువారి ప్రాణములు ఈ తీర్పుపై ఆధారపడి యున్నవి కనుక, నిజమును పొరపాటునుండి వేరుచేయుట అవసరము. అందుకు కావలసిన సాధనము ఉన్నత పాఠశాల గణితమే. భాగహారము, నిష్పత్తి, వర్గమూలము తెలిసిన విద్యార్థి ఈ పని చేయగలడు.

ఫిర్యాదు వేరు, రీకాలు వేరు

బండిలో లోపము కనిపించినదని యజమాని తెలియజేయునది ఫిర్యాదు. అది ఒక మనిషి అనుభవము. లోపము బండిదే కావచ్చును, నడిపినవానిది కావచ్చును, సరిగా బిగింపని మెకానిక్కుది కావచ్చును. రీకాలు అట్టిది కాదు. ఒక లోపము కొన్ని బండ్లకు సామాన్యముగా నున్నదని తేలిన పిమ్మట, తయారు చేసిన సంస్థ ఆ బండ్లను రప్పించి, యజమానివద్ద పైకము తీసికొనక సరిచేసి పంపుట రీకాలు. అనగా ఫిర్యాదు అనుమానము. రీకాలు నిర్ధారణయు, దానికి చికిత్సయు.

అమెరికాలో వాహనముల క్షేమమునకు 1966లో చట్టము వచ్చెను. జాతీయ రహదారి రవాణా భద్రతా సంస్థ 1970లో ఏర్పడెను. యజమానుల ఫిర్యాదులను ఆ సంస్థ బహిరంగముగా ఉంచును; బండి పేరు, మోడలు సంవత్సరము చెప్పి ఎవరైనను వానిని చూడవచ్చును. మన దేశములో 2012 జూలైనుండి వాహన తయారీదారుల సంఘము తన సభ్యులకొక నియమావళిని ఏర్పరచి, స్వచ్ఛందముగా రీకాళ్లు జరుపు పద్ధతిని ప్రారంభించెను. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించినప్పుడు 110-ఎ అను విభాగము చేరెను. దాని ప్రకారము, లోపముగల బండ్లను రీకాలు చేయుమని ప్రభుత్వమే ఆజ్ఞాపింపవచ్చును. ఇందుకు సంబంధించిన నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. ఈ నిబంధనలు ఏడేండ్ల లోపు వయస్సుగల బండ్లకు వర్తించును. బలవంతముగా రీకాలు చేయింపవలసి వచ్చినచో సంస్థపై 10 లక్షల రూపాయలనుండి కోటి రూపాయలవరకు జరిమానా పడును.

ఈ నిబంధనలలో ఒక గణితాంశము గమనింపదగినది. ఎన్ని ఫిర్యాదులు వచ్చినచో విచారణ జరుగవలెనను హద్దు అన్ని బండ్లకు ఒకటి కాదు. ఏటా 500 వరకు అమ్ముడగు కార్లు, ఎస్.యు.వి.లకు ఆ హద్దు అమ్మకములలో 20 శాతము, లేదా 100 ఫిర్యాదులు. 10,000 వరకు అమ్ముడగు వానికి 1,050 వరకు. 10,000కు మించి అమ్ముడగు వానికి 1,250 వరకు. ఫిర్యాదుల సంఖ్యను విడిగా చూడరాదు, ఎన్ని బండ్లలో అన్ని ఫిర్యాదులు అని చూడవలెను అను సూత్రము చట్టములోనే ఇమిడియున్నదన్నమాట.

ఒక లెక్క

ఈ సూత్రమును ఒక ఉదాహరణముతో పరిశీలింపవచ్చును. దీనిలోని అంకెలు లెక్కకొరకు కల్పించినవి మాత్రమే.

ఒక ఎస్.యు.వి. 2012లో 30,000 అమ్ముడైనదనియు, వానిపై ఇంతవరకు 240 ఫిర్యాదులు వచ్చినవనియు అనుకొనుడు. అదే పేరుగల బండి 2017లో 4,000 మాత్రమే అమ్ముడైనది. వానిపై 60 ఫిర్యాదులు వచ్చినవి. మెకానిక్కు 2012 బండి చెడ్డదనును. 240 ఎక్కడ, 60 ఎక్కడ! కాని వేయి బండ్లకు ఎన్ని అని చూచినచో 2012 బండికి 8, 2017 బండికి 15. తీర్పు తలక్రిందులైనది.

లెక్క ఇంతటితో ముగియలేదు. 2012 బండ్లు రోడ్డుపై పదేండ్లు తిరిగినవనియు, 2017 బండ్లు అయిదేండ్లే తిరిగినవనియు అనుకొనుడు. పదేండ్లు తిరిగిన బండికి ఫిర్యాదు వచ్చుటకు రెట్టింపు అవకాశము కలదు. కనుక బండ్ల సంఖ్యను ఏండ్లతో గుణించి, వచ్చిన లబ్ధమును “బండి-సంవత్సరములు” అందురు. 2012 బండ్లకు ఇవి 3,00,000. 2017 బండ్లకు 20,000. వేయి బండి-సంవత్సరములకు మొదటి దానికి 0.8 ఫిర్యాదు, రెండవదానికి 3 ఫిర్యాదులు.

ఇంకను ఒక చిక్కు కలదు. పసిబిడ్డకును, ముదుసలికిని రోగములు ఎక్కువ; నడివయస్సున తక్కువ. యంత్రములు కూడ ఇట్టివే. తయారీలోని తప్పులు మొదటి నెలలలో బయటపడును; అటుపిమ్మట కొన్నేండ్లు నెమ్మదిగా గడచును; చివరకు రబ్బరు ఎండి, లోహము అరిగి, తీగల తొడుగులు పగిలి లోపములు మరల పెరుగును. ఈ రేఖను కాగితముపై గీచినచో స్నానపు తొట్టివలె రెండు అంచులు ఎత్తుగాను, నడుమ పల్లముగాను ఉండును. కాబట్టి పదేండ్ల బండిని అయిదేండ్ల బండితో పోల్చరాదు. రెండింటిని ఒకే వయస్సునాడు పోల్చవలెను. 2012 బండ్లకు మొదటి అయిదేండ్లలో వచ్చిన ఫిర్యాదులు 60 అనుకొనుడు. అప్పుడు 1,50,000 బండి-సంవత్సరములకు 60, అనగా వేయికి 0.4. 2017 బండికి వేయికి 3. ఇప్పుడు 2017 బండి ఏడున్నర రెట్లు చెడ్డదిగా కనిపించుచున్నది.

కాని ఏ ఫిర్యాదులు? 2017 బండిపై వచ్చిన 60లో 52 పాటల పెట్టె పలుకలేదనియు, ఏ.సి. శబ్దము చేయుచున్నదనియు వచ్చినవి. బ్రేకులకు సంబంధించినవి 8 మాత్రమే. 2012 బండికి ఆ 60లో 30 బ్రేకులవే అనుకొనుడు. క్షేమమునకు సంబంధించినవి మాత్రమే లెక్కించినచో, 2012 బండికి వేయి బండి-సంవత్సరములకు 0.2, 2017 బండికి 0.4. ఏడున్నర రెట్ల తేడా రెండు రెట్లకు దిగినది. ఆడని పాటల పెట్టె విసుగు కలిగించును. పట్టని బ్రేకు ప్రాణము తీయును. రెండింటిని ఒకే తక్కెడలో వేయుట ఎంత తప్పో ఈ లెక్కయే చెప్పుచున్నది.

చిన్న సంఖ్యల మాయ

ఎనిమిది ఫిర్యాదులు అనునది చాల చిన్న సంఖ్య. నాణెమును పదిసార్లు ఎగురవేసినచో ఏడుసార్లు బొమ్మ పడుట వింత కాదు. వేయిసార్లు ఎగురవేసినప్పుడు ఏడువందలసార్లు బొమ్మ పడినచో ఆ నాణెమును అనుమానింపవలెను. ఫిర్యాదులును ఇంతే. యాదృచ్ఛికముగా జరుగు సంఘటనలను లెక్కించినప్పుడు, వచ్చిన సంఖ్యకు ఇరుప్రక్కల దాని వర్గమూలమంత ఊగిసలాట సహజమని సంఖ్యాశాస్త్రము చెప్పును. 9 ఫిర్యాదులు వచ్చినచో 6 నుండి 12 వరకు ఎంతైనను వచ్చియుండవచ్చును. 16 వచ్చినచో 12 నుండి 20 వరకు. ఈ రెండు పరిధులు ఒకదానినొకటి తాకుచున్నవి. అందుచేత 16 వచ్చిన సంవత్సరము 9 వచ్చిన సంవత్సరముకంటె చెడ్డదని తొందరపడి చెప్పరాదు. అదే 900, 1,600 ఐనచో ఊగిసలాట 30, 40 మాత్రమే, తేడా నిస్సంశయము.

పై ఉదాహరణములో 8కి ఊగిసలాట సుమారు 3; 30కి సుమారు 5. కావున 2017 బండి కొంత చెడ్డదై యుండవచ్చును అనుటకు ఆధారమున్నది గాని, రెట్టింపు చెడ్డదని ఒట్టు పెట్టుటకు లేదు.

ఫిర్యాదు కాని లోపములు

అంకెలు చెప్పనివి కూడ కొన్ని కలవు. పత్రికలలో ఒక లోపమును గురించి వార్త వచ్చిన వెంటనే ఫిర్యాదులు వరదవలె వచ్చును. బండ్లు ఆ వారమున చెడిపోలేదు. యజమానుల దృష్టి ఆ వారమున అటు మరలినది.

దీనికి ఎదురైనది మౌనము. గ్యారంటీ గడువు తీరిన పిమ్మట పల్లెలలోని బండి కంపెనీ సర్వీసు సెంటరుకు పోదు. బ్రేకు గొట్టము కారినచో దారిప్రక్క షెడ్డులో మెకానిక్కు ఒక గంటలో మార్చి పంపును. ఆ లోపము ఏ పుస్తకమునకును ఎక్కదు. కొండాపురములో ఒకే రకపు బండ్లు పదింటికి ఒకే గొట్టము కారినను, ఆ పదింటిని కలిపి చూచువారుండరు. బండి ముసలిదైన కొలది ఫిర్యాదులు తగ్గుటకు ఒక కారణము ఇదే. మౌనమును క్షేమమని భ్రమపడరాదు. యజమాని ఫిర్యాదు నమోదు చేయుటకు కేంద్ర ప్రభుత్వపు వాహన్ పోర్టల్‌లో ఏర్పాటు కలదు. దానిని ఉపయోగించుట తరువాత కొనువానికి చేయు ఉపకారము.

టైరు చెప్పిన పాఠము

ఫిర్యాదులను వివేకముతో పోల్చినచో ఏమి తెలియునో అమెరికాలో 2000లో జరిగిన ఉదంతము చూపుచున్నది. ఫోర్డు సంస్థ 1990లో ప్రవేశపెట్టిన ఎక్స్‌ప్లోరరు ఆ దేశమున మిక్కిలి ప్రజాదరణ పొందిన ఎస్.యు.వి. దానికి అమర్చిన ఫైర్‌స్టోను టైర్లలో కొన్ని, వేగముగా పోవుచుండగా పై పట్టా ఊడిపోయి, బండి పల్టీ కొట్టుచుండెను. 2000 ఆగస్టు 9న సుమారు 65 లక్షల టైర్లను వెనుకకు తీసికొందుమని టైరు సంస్థ ప్రకటించెను. ఈ టైర్ల వైఫల్యమునకు సంబంధించిన మరణములు 271 అని భద్రతా సంస్థ తేల్చెను.

కారణమును వెదకినవారు ఫిర్యాదుల మొత్తమును చూచి ఊరకుండలేదు. వానిని పలు విధములుగా విభజించి చూచిరి. ఏ రాష్ట్రమునుండి? టెక్సాసు, ఫ్లోరిడా, ఆరిజోనా వంటి వేడి రాష్ట్రములనుండి ఎక్కువ. ఏ కర్మాగారపు టైర్లు? ఇల్లినాయి రాష్ట్రములోని డికేటరు కర్మాగారమున తయారైన టైర్లకు నిష్పత్తి ఎక్కువ. ఎంత గాలి? ఫోర్డు సంస్థ చదరపు అంగుళమునకు 26 పౌనులు చాలుననెను. టైరు సంస్థ తరువాత 30 ఉండవలెననెను. గాలి తగ్గిన టైరు తిరుగునప్పుడు దాని ప్రక్కలు ఎక్కువగా వంగి లేచుచుండును. ఆ వంపువలన వేడి పుట్టును. వేడి రబ్బరు పొరల మధ్య పట్టును సడలించును. వేసవి రోడ్డు, బరువైన బండి, అధిక వేగము దీనికి తోడగును. 1995–97 ప్రాంతమున కొన్ని ఎక్స్‌ప్లోరరులకు గుడ్‌ఇయరు టైర్లు అమర్చిరి; బండి అదే, వానిలో ఈ ప్రమాదము చాల అరుదు. ఫోర్డు సంస్థ ఈ పోలికనే తన వాదమునకు ఆధారముగా చూపెను. టైరు సంస్థ బండి నిర్మాణములోనే దోషమున్నదనెను. వాదమెట్లున్నను, తయారీదారులు ఫిర్యాదుల, మరణముల సమాచారమును ముందుగానే ప్రభుత్వమునకు అందజేయవలెనని 2000 నవంబరులో అమెరికాలో చట్టము వచ్చినది.

నలుబది డిగ్రీలు దాటిన ఎండలో ఉదయగిరి నుండి నెల్లూరు వరకు ఎనమండుగురిని ఎక్కించుకొని పోవు పాతబండికి ఈ పాఠము పూర్తిగా వర్తించును. బండి ఏ సంవత్సరమున తయారైనదో చూచినవారు టైరు ఏ వారమున తయారైనదో కూడ చూడవలెను. టైరు ప్రక్క భాగమున అచ్చువేసిన నాలుగంకెలలో మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును. 2318 అనగా 2018లో 23వ వారము.

ఒకే రూపము, వేర్వేరు ప్రమాదము

ఒకే పేరు, ఒకే రూపముగల బండ్లలో సైతము ఒక సంవత్సరమునకును మరియొక సంవత్సరమునకును ఎంత తేడా ఉండునో ఎయిర్‌బ్యాగుల కథ తెలుపుచున్నది. ఎయిర్‌బ్యాగు ఢీకొన్న క్షణమున సెకనులో సుమారు ముప్పదవ వంతు కాలములో ఉబ్బి, తలకును స్టీరింగునకును మధ్య మెత్తవలె నిలుచు సంచి. దానిని ఉబ్బించుటకు ఇన్‌ఫ్లేటరు అను లోహపు డబ్బీలో మందు బిళ్లలుండును. అవి మండి వాయువు పుట్టించును. జపాను దేశపు టకాటా సంస్థ ఈ మందుగా అమ్మోనియం నైట్రేటును వాడెను. ఈ లవణమునకు రెండు దుర్గుణములు కలవు. ఒకటి, తేమను పీల్చుకొనుట. రెండు, సుమారు 32 డిగ్రీల సెల్సియస్ వద్ద దాని స్ఫటిక నిర్మాణము మారి ఘనపరిమాణములో తేడా వచ్చుట. ఈ మార్పును అణచుటకు వేరు పదార్థములు కలిపినను, ఏండ్ల తరబడి తేమయు, పగటి వేడి రాత్రి చల్లదనముల మార్పును తగిలినచో బిళ్లలు గుల్లబారును. గుల్లబారిన బిళ్లకు మండు ఉపరితలము ఎక్కువ. అది కావలసినదానికంటె వేగముగా మండును. లోపలి ఒత్తిడికి డబ్బీ పగిలి, లోహపు తునకలు కూర్చున్నవారిపైకి దూసికొనిపోవును. కాపాడవలసిన సాధనమే చంపును. అమెరికాలో దాదాపు 6 కోట్ల 70 లక్షల ఇన్‌ఫ్లేటర్లు రీకాలు జాబితాకెక్కినవి.

ఇప్పుడు సంవత్సరముల పోలిక చూడుడు. 2016 జూను నెలాఖరున అమెరికా భద్రతా సంస్థ ఒక హెచ్చరిక ప్రకటించెను: 2001–2003 మోడళ్లకు చెందిన కొన్ని హోండా, అక్యూరా బండ్లలోని ఇన్‌ఫ్లేటర్లు పరీక్షలలో 50 శాతమువరకు పగులు అవకాశము చూపినవి. ఆ జాబితాలో 2002 నాటి సి.ఆర్-వి, 2003 నాటి పైలట్ అను రెండు ఎస్.యు.వి.లు కలవు. 2002 సి.ఆర్-వి ప్రక్కన 2003 సి.ఆర్-విని నిలిపినచో చూపరికి భేదము తోచదు. తరువాతి సంవత్సరముల సి.ఆర్-విలు కూడ టకాటా రీకాళ్లకు లోనైనవి. కాని ఈ 2002 బండిలోని ప్రమాదము వేరొక తరగతికి చెందినది, ఏలయనగా దాని ఇన్‌ఫ్లేటరులో పదార్థ దోషమునకు తోడు తయారీ దోషము కూడ నుండెను.

ఇంకొక విషయము మరింత ముఖ్యము. ఈ హెచ్చరికకు లోనైన బండ్లను 2008–2011 మధ్యనే రీకాలు చేసియుండిరి. 70 శాతమునకు పైగా మరమ్మతు జరిగెను. అయినను 2016లో సుమారు 3,13,000 బండ్లు మరమ్మతు కాకయే తిరుగుచుండెను. చేతులు మారిన బండి యజమానికి జాబు అందకపోవచ్చును. జాబు పాత యజమాని చిరునామాకు పోవచ్చును. ఒకే సంవత్సరపు రెండు బండ్లలో, రీకాలు పని జరిగినది నిర్భయముగా నడుపదగినది. జరుగనిది ఒక్క గజమైనను నడుపరానిది. కనుక “ఆ సంవత్సరపు బండికి రీకాలు ఉన్నదా?” అనుట సగము ప్రశ్న. “ఈ బండికి ఆ పని జరిగినదా?” అనుట మిగిలిన సగము.

సంవత్సరమును మించిన హద్దులు

మన దేశపు రెండు రీకాళ్లను ప్రక్క ప్రక్కన పెట్టి చూచినచో, మోడలు సంవత్సరము ఎంత మొద్దు కొలతయో తెలియును.

2019 జూలైలో ఫోర్డు ఇండియా సంస్థ పాత తరపు ఎండెవరు బండ్లను 22,690 రీకాలు చేసెను. ముందు ఎయిర్‌బ్యాగుల ఇన్‌ఫ్లేటర్లను పరీక్షించుట దాని ఉద్దేశము. ఆ బండ్లు చెన్నై కర్మాగారమున 2004 ఫిబ్రవరి నుండి 2014 సెప్టెంబరు వరకు, అనగా పదేండ్లకు మించి, తయారైనవి. ఆ కాలపు ఎండెవరులలో “మంచి సంవత్సరము” వెదకుట ఈ విషయమున వ్యర్థము.

2023 జనవరిలో మారుతి సుజుకి సంస్థ 17,362 బండ్లను ఎయిర్‌బ్యాగు కంట్రోలరు పరీక్షకొరకు రీకాలు చేసెను. వానిలో బ్రెజా, గ్రాండ్ విటారా అను ఎస్.యు.వి.లు కూడ కలవు. అవి 2022 డిసెంబరు 8 నుండి 2023 జనవరి 12 వరకు తయారైనవి. మొత్తము 36 దినములు! అందులో 24 దినములు ఒక సంవత్సరమునకు, 12 దినములు మరియొక సంవత్సరమునకు చెందినవి. దీనినిబట్టి 2022 బ్రెజా చెడ్డదనవచ్చునా? ఆ సంవత్సరమున నవంబరు వరకు తయారైన బండ్లకు ఈ రీకాలుతో సంబంధమే లేదు.

ఉదయగిరిలో కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కు పనివారికి ఈ సంగతి బోధింపనక్కరలేదు. ఒక మ్రానులో లోపల పగులు ఉన్నచో, దానినుండి చెక్కిన చెంచాలన్నియు అనుమానింపదగినవే. అదే నెలలో వేరొక మ్రానునుండి చెక్కినవి నిర్దోషములు. దోషము నెలను అంటిపెట్టుకొనదు, మ్రానును అంటిపెట్టుకొనును. అట్లే బండి దోషము సంవత్సరమును గాక, ఆ భాగము తయారైన దఫాను అంటిపెట్టుకొని యుండును. దఫా ఒక నెలదైనచో రీకాలు ఒక నెలకు. భాగపు పదార్థములోనే దోషమున్నచో రీకాలు పదేండ్లకు.

రీకాలు లేని బండి

“ఒక్క రీకాలు కూడ లేదు” అను మాటను కూడ పరీక్షింపవలెను. ఎయిర్‌బ్యాగు లేని బండికి ఎయిర్‌బ్యాగు రీకాలు ఎన్నడును రాదు. లేని వస్తువు చెడదు, కాపాడనుకూడ కాపాడదు.

మన దేశములో కార్లన్నిటికి చక్రములు బిగుసుకొనిపోక ఆపు ఏ.బి.ఎస్. బ్రేకులు 2019 ఏప్రిల్ నుండి, డ్రైవరు ఎయిర్‌బ్యాగు 2019 జూలై 1 నుండి తప్పనిసరి అయినవి. ముందు సీటులోని రెండవవానికి ఎయిర్‌బ్యాగు క్రొత్త మోడళ్లకు 2021 ఏప్రిల్ 1 నుండి, అప్పటికే అమ్ముచున్న మోడళ్లకు 2021 డిసెంబరు 31 తరువాత తప్పనిసరి. అంతకు పూర్వపు బండ్లలో తక్కువ ధర రకములకు ఇవి లేకపోవుట సాధారణము. ఎయిర్‌బ్యాగులు లేని మహీంద్రా స్కార్పియోను గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2016లో ఢీకొట్టి పరీక్షించినప్పుడు పెద్దల రక్షణకు ఒక్క నక్షత్రము కూడ రాలేదు. అదే పేరుతో, క్రొత్త నిర్మాణముతో వచ్చిన స్కార్పియో-ఎన్ 2022లో అయిదు నక్షత్రములు పొందెను. ఈ తేడాను ఫిర్యాదుల పట్టిక ఎన్నటికిని చూపజాలదు; ఏలయనగా తన బండిలో లేనిదానిని గురించి యజమాని ఫిర్యాదు చేయడు.

విదేశపు పట్టికలను మన బండ్లకు అన్వయించునప్పుడును జాగ్రత్త వలెను. ఒకే పేరుగల బండి అమెరికాలో ఒక ఇంజనుతో, మన దేశములో వేరొక ఇంజనుతో, వేరొక కర్మాగారపు భాగములతో తయారై యుండవచ్చును. అక్కడి ఫిర్యాదు ఇక్కడ ప్రశ్నకు తావిచ్చును. జవాబు మాత్రము కాదు.

కొనువాడు చేయవలసినది

పై విచారణనుండి ఆచరణకు కొన్ని సూత్రములు తేలుచున్నవి. మొదటిది, ఆర్.సి.లో వ్రాసిన తయారీ నెల, సంవత్సరములను, చాసిస్ నంబరును చూడవలెను. రిజిస్ట్రేషను సంవత్సరము తయారీ సంవత్సరము కానక్కరలేదు. డిసెంబరులో తయారైన బండి మరుసటి యేడు రిజిస్టరు కావచ్చును. చాసిస్ నంబరులో 17 అక్షరములు, అంకెలు ఉండును. బండిపై చెక్కిన నంబరును ఆర్.సి.లోని దానితో సరిచూడవలెను.

రెండవది, ఆ నంబరును సంస్థ సర్వీసు సెంటరులో చెప్పి, ఆ బండికి రీకాలు ఏదైన కలదా, కలిగినచో పని జరిగినదా అని వ్రాతపూర్వకముగా తెలిసికొనవలెను. చాల సంస్థలు తమ వెబ్‌సైటులోనే చాసిస్ నంబరు ద్వారా దీనిని తెలుపును. పని జరుగనిచో, బండి ఎన్ని చేతులు మారినను, ఆ పని ఉచితముగా చేయించుకొనుటకు అడుగవలెను. ఫోర్డు సంస్థ మన దేశములో అమ్మకమునకు కార్ల తయారీని ఆపివేయుచున్నట్లు 2021 సెప్టెంబరులో ప్రకటించినది; కర్మాగారము మూతపడిన సంస్థ బండియైనను ఈ విచారణ మానరాదు.

మూడవది, బండి ఇంతకు ముందు ఎక్కడ నివసించినదో అడుగవలెను. చెన్నై సముద్రపు గాలిలో పదేండ్లు ఆరుబయట నిలిచిన బండియు, కొండాపురపు పొడి ఎండలో తిరిగిన బండియు ఒకే దినమున తయారైనను ఒకే వయస్సువి కావు. తేమవలన ఇనుము తుప్పు పట్టును. వేడివలన రబ్బరు ఎండును. నాలుగవది, ఎయిర్‌బ్యాగులు, ఏ.బి.ఎస్. ఉన్నవో లేవో ఆ రకమునకు కాక, ఆ బండికే చూడవలెను. ఇంజను ఆరంభించు ముందు తాళపుచెవి త్రిప్పినప్పుడు ఎయిర్‌బ్యాగు దీపము కొన్ని క్షణములు వెలిగి ఆరిపోవలెను. ఆరక నిలిచినను, అసలు వెలుగకున్నను లోపమున్నదని గుర్తు. చివరిది, సంవత్సరములను పోల్చునప్పుడు ఎన్ని ఫిర్యాదులని గాక, ఎన్ని బండ్లలో, ఎన్నేండ్లలో, ఏ విధమైనవని అడుగవలెను.

తరగతిలో ఒక అభ్యాసము

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో సులభముగా బోధింపవచ్చును. విద్యార్థులు తమ వీధిలోని మోటారుసైకిళ్లు, ఆటోలు, ట్రాక్టర్ల తయారీ సంవత్సరములను, గడచిన యేడాదిలో వానికి జరిగిన మరమ్మతులను సేకరించి పట్టిక వేయవలెను. మొదట మరమ్మతుల మొత్తమునుబట్టి “చెడ్డ సంవత్సరము”ను నిర్ణయింపవలెను; పిమ్మట బండ్ల సంఖ్యతో భాగించి చూడవలెను; తరువాత బ్రేకు, టైరు, స్టీరింగు మరమ్మతులను మాత్రమే విడదీయవలెను; చివరకు ప్రతి సంఖ్యకు వర్గమూలము కట్టి, పరిధులు తాకుచున్నవో లేదో పరిశీలింపవలెను. ప్రతి మెట్టునను తీర్పు మారుచుండుటను విద్యార్థి స్వయముగా చూచును.

పాతబండి కొనుట తప్పు కాదు. రీకాలైన బండి కొనుట కూడ తప్పు కాదు. లోపము బయటపడి సరిచేయబడిన బండి, లోపము దాగియున్న బండికంటె మేలు. సంవత్సరము బండియొక్క పుట్టిన తేదీ మాత్రమే. దాని ఆరోగ్యము తెలియుటకు చాసిస్ నంబరు పట్టుకొని, ఆ ఒక్క బండి చరిత్రను చదువవలెను.